బొటనవేలు పోయే దారి

నక్కవాగు పొంగి, పటాన్‌చెరు దిగువన నవాబుగారి దేవిడీలోకి నడుంలోతు నీళ్లు వచ్చిన ఏడాదికి రెండో ఏడు జరిగిన సంగతి ఇది. ఆ చుట్టుపక్కల ఊళ్లలో చాలాకాలం పెళ్లిళ్లనీ పుట్టుకలనీ వరదకు ముందా, వెనకా అని చెప్పుకునేవారు. మొహియుద్దీన్ ఇంట్లోకి పియానో వచ్చింది వరదకు వెనక.

ఆ రోజు పొద్దున కూడా రోజూలాగే మొదలైంది. మొహియుద్దీన్ వాకిట్లో పనిబల్ల ముందు కూర్చుని, చెక్కసుత్తితో బల్ల మీద కొడుతున్నాడు. టక్. టక్. టక్. ఇంట్లోంచి ఆ దెబ్బకు సరిగ్గా ఒక్కో స్వరం పలుకుతోంది. పదిహేడేళ్ల కూతురు సకీనా పియానో ముందు కూర్చుని కుడిచేత్తో స్వరాలు ఎక్కుతోంది. ఆమె చెయ్యి వెనక భాగాన ఒక పాత హాలీ బిళ్ల, నిజాం కాలపు నాణెం, ఉంది. బిళ్ల జారి పడితే మళ్లీ మొదటి నుంచి వాయించాలి. ఇది తండ్రి పెట్టిన పద్ధతి.

స, రి, గ మూడు వేళ్లతో పోతాయి. నాలుగోది మ. అక్కడ చెయ్యి తిరిగి బొటనవేలితో మొదలు కావాలి. మూడో వేలు ఇంకా పియానో మెట్టు మీద ఉండగానే బొటనవేలు చప్పుడు లేకుండా అరచేతి కిందికి జారి, మ దగ్గరికి ముందే చేరి కాచుకుని ఉండాలి. అప్పుడే వినేవాడికి అతుకు తెలియదు.

సుత్తి దెబ్బ నిదానంగా ఉన్నంతసేపు సకీనా చేతిలో అతుకు తెలియలేదు. మొహియుద్దీన్ దెబ్బకు రెండు స్వరాలు అడిగాడు. అదీ బాగానే వచ్చింది. దెబ్బకు నాలుగు అన్నాడు. అక్కడ వచ్చింది తంటా. గ తర్వాత మ మీద ప్రతిసారీ ధన్‌మని ఒక ఎత్తు. బండి చక్రం రాయి ఎక్కి దిగినట్టు.

"మళ్లీ" అన్నాడు మొహియుద్దీన్.

అతను రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ ఏడాదంతా అందులో ఎనిమిది "మళ్లీ" అన్నవే.

వీధిలో ఎడ్లను తోలుకుపోతూ ఓదెలు గోడ పక్కన ఆగాడు. రెండేళ్ల కింద ఆ పియానోను దేవిడీ నుంచి ఇంటికి చేర్చింది అతని బండే.

"మొహియుద్దీన్ భాయ్, రోజు ఇనవట్టి నా ఎడ్లకు గూడ సరిగమ వచ్చింది. రేపు సంగారెడ్డికి పిల్లతోని వాటిని గూడ పరీక్షకు కూసోవెడుదామా?"

మొహియుద్దీన్ నవ్వలేదు. "రేపు పొద్దుగాల బండి కట్టు. బస్సుకాడికి పోవాలె" అన్నాడు.

"కడ్త గని, జెర మాట్లాడు భాయ్. మాటలకు కిరాయి గిట్ట అడుగుతున్నరా?" అంటూ ఓదెలు పోయాడు.

వంటింట్లోంచి అక్తరీ బేగం తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. భర్త ముందు నిలబడింది.

"అజీ, ఆ పిల్ల వేలు సూసిన్రా? వాచి రెండంతలైంది. నిన్న రొట్టెల పిండి పిసకమంటే ఎడమ చేత్తోని పిసికింది."

"రేపటితోని అయిపోతది."

"రేపటిదాంక వేలుండాలె గదా! ఇంట్ల మనుషులకు సాప ఏసుకునే జాగ లేదు. అదేమో గోడకాడ అల్లుడొచ్చి కూసున్నట్టు కూసున్నది. మీరు వానల్ల వాకిట్ల పని జేసుకుంటున్నరు. ఎవలి కోసం ఇదంత?"

ఎవరి కోసమో ఆమెకు తెలుసు. అడగడం ఆమెకు అలవాటు, ఊరుకోవడం అతనికి అలవాటు.

మొహియుద్దీన్ ముప్పై ఏళ్లు దేవిడీకి వడ్రంగం చేశాడు. తలుపులు, పల్లకీలు, నవాబుగారి కూతుళ్లు వాయించే పియానో, అన్నీ అతని చేతి కిందే ఉండేవి. జాగీర్లు పోయాయి. నవాబుగారి కుటుంబం ఊరు విడిచిపోయింది. ఆ తర్వాత వరద వచ్చింది. నీళ్లు తీశాక దేవిడీ కాపలాదారు, బురదలో ఉబ్బిపోయిన పియానోను చూపించి, పొయ్యిలోకి పనికొస్తుంది తీసుకుపొమ్మన్నాడు. మొహియుద్దీన్ దాన్ని ఇంటికి తెచ్చి ఎనిమిది నెలలు దాని మీదే కూర్చున్నాడు. ఒక్కో మెట్టు విప్పి నీడలో ఆరబెట్టాడు. లోపలి సుత్తులకు పాత ఉన్ని నమ్దా కత్తిరించి అతికించాడు. మూత మాత్రం పగిలిపోయింది. దాని స్థానంలో టేకుతో కొత్తది చేశాడు. మళ్లీ వరద వచ్చినా లోపలికి నీటి చుక్క పోకూడదని పాతదానికి రెట్టింపు మందం పెట్టాడు. ఆ మూతంటే అతనికి గర్వం.

సకీనాకు నేర్పింది కూడా అతనే. అతనికి వాయించడం రాదు. కానీ నవాబుగారి పిల్లలకు నేర్పడానికి సికింద్రాబాద్ నుంచి వచ్చే మేడంను ఏళ్ల తరబడి చూశాడు. మెట్టు బిగిసిందనో తీగ తెగిందనో కబురు వస్తే సంచి పట్టుకుని పోయి, పాఠం అయ్యేదాకా తలుపు దగ్గర నిలబడేవాడు. ఆరేళ్ల సకీనా వెంట వచ్చి సంచి పక్కన నేల మీద కూర్చునేది. మేడం పిల్లల చేతుల మీద బిళ్లలు పెట్టేది. బొటనవేలు కిందికి పోవాలి, చెయ్యి కదలకూడదు అనేది. ఆ రెండు మాటలూ మొహియుద్దీన్ గుండెలో మేకులా దిగాయి. మేడం కాలం చేసి ఆరేళ్లయింది. ఆమె మాట అతని ఇంట్లో ఇంకా నడుస్తోంది.

సంగారెడ్డిలో ఆడపిల్లల బడిలో పియానో వాయిస్తూ పాటలు నేర్పే కొలువు ఒకటి ఖాళీగా ఉందని, బడి బల్లలు బాగుచేయడానికి పోయినప్పుడు తెలిసింది. అక్కడి పెద్ద పంతులమ్మ పరీక్ష ఏమిటో కూడా చెప్పింది. ముందు స్వరాలు మూడు వేగాలలో, రెండు చేతులతో. అతుకులు వినపడకూడదు. ఆ మాట విన్న రోజే మొహియుద్దీన్ భార్యతో ఒక ఒప్పందానికి వచ్చాడు. ఒక్క ఏడాది. కొలువు వస్తే సరే. రాకపోతే పియానో బయటికి పోతుంది, సకీనా జహీరాబాద్‌లో తల్లి చెల్లెలు ఖాలా ఇంటికి కుట్టుపనికి పోతుంది. ఆ ఏడాది రేపటితో తీరుతుంది.

"అబ్బా" అని తండ్రిని పిలిచింది సకీనా లోపలి నుంచి మెల్లగా. "ఒక్క మాట చెప్పనా? జల్దీ వాయించేటప్పుడు మేడం..."

"మళ్లీ."

సకీనా బిళ్ల తీసి చెయ్యి మీద పెట్టుకుంది.

*

మధ్యాహ్నం మొహియుద్దీన్ ఇస్నాపూర్‌లో ఒక ఇంటికి దర్వాజా బిగించడానికి పోయాడు. చౌకట్టు కలప ఇంకా పచ్చిగా ఉంది. ఎండలో వంగిపోతుందని చెప్పి, చిత్రిక పట్టాల్సిన పలక ఒకటి భుజాన వేసుకుని పెందలాడే వెనక్కి వచ్చాడు.

గల్లీ మలుపు తిరుగుతుండగా వినిపించింది. స్వరాలు. దెబ్బకు నాలుగు కాదు, అంతకంటే వడిగా. కిందినుంచి పైకి, పైనుంచి కిందికి, కుండలోంచి నూనె ధార పోసినట్టు. ఎక్కడా రాయి లేదు, ఎత్తు లేదు. మొహియుద్దీన్ పలక దించి గోడకు చేరగిలబడ్డాడు. చచ్చిపోయిన మేడం తన ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వచ్చింది, బిడ్డకు వచ్చేసింది అనుకున్నాడు.

చూద్దామని కిటికీలోంచి తొంగిచూశాడు.

బిళ్ల ఆమె చెయ్యి మీద లేదు. మెట్ల చివర చెక్క మీద ఉంది. సకీనా చెయ్యి కదలకుండా ఉండటం పోయి, మోచేతితో సహా పక్కకు జరుగుతోంది. బొటనవేలు అరచేతి కిందికి పోవడమే లేదు. మూడో వేలు లేచే లోపల చెయ్యి మొత్తం జరిగి, బొటనవేలు మ మీద వాలుతోంది. ఏడాదిగా తాను వద్దన్నవన్నీ ఆ చేతిలో ఉన్నాయి.

మొహియుద్దీన్ లోపలికి వచ్చాడు.

"బిళ్లేది?"

సకీనా ఉలిక్కిపడి చేతులు ఒళ్లోకి తీసుకుంది. "పక్కకు వెట్టిన, అబ్బా."

"ఎన్నొద్దుల సంది?"

ఆమె తల వంచుకుంది. "మీరు ఇంట్ల లేనప్పుడు. రంజాన్ నుంచి."

"ఇన్నొద్దులు నన్ను మోసం జేసినవ్."

"మోసం గాదబ్బా." సకీనా ఆగలేదు. "మెల్లగ వాయించేటప్పుడు మీరు చెప్పినట్టే. బొటనవేలు కిందికే పోతది. దానికి పోనీకి, కాసుకోని ఉండనీకి టైముంటది. జల్దీ పోయేటప్పుడు కిందికి దూరి రానీకి టైం యాడిది? గందుకే మ మీద ధన్‌మంటది. అప్పుడు చెయ్యే జరగాలె. వేలు ఒక్కటే ఉరికితే వాస్తది."

"మేడం పిల్లలకు చెప్పింది నేను ఇన్న. కండ్లార సూసిన."

"పిల్లలకు చెప్పేటప్పుడు సూసిన్రు. పిల్లలు పోయినంక తను ఒక్కతే జల్దీ వాయించుకునేటప్పుడు నేను సూసిన."

"నేను గూడ ఆడనే ఉన్న."

"మీరు దర్వాజకాడ నిలవడ్డరు. నిలవడ్డోళ్లకు చెయ్యి వెనకదిక్కే కనవడ్తది. నేను మీ సంచి పక్కన కూసున్న. నా కండ్లు సరీగ మెట్ల ఎత్తున ఉండె. అరచెయ్యి కింద ఏమైతుందో నాకు కనవడ్డది."

అక్తరీ బేగం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మొహియుద్దీన్ ముఖం నల్లబడింది.

"ఆరేండ్లప్పుడు సూసినదానికి ఇప్పుడు నాకు ఉస్తాదువైతవా?"

"కాదబ్బా, మీరే సూడుండ్రి. మెల్లగ చెక్కకు రందా పట్టేటప్పుడు మీకు మణికట్టు సాలు. జల్దీ పట్టేటప్పుడు మణికట్టు తిప్పుతరా? భుజంతోని పోతరు గదా..."

"సాలు."

సకీనా ఆగిపోయింది. తర్వాత ఆమె చాలా చిన్నగా, "సరే అబ్బా, బిళ్ల పెట్టుకుంట" అంది.

మొహియుద్దీన్ ఆమెను కొట్టలేదు. పుట్టినప్పటి నుంచి ఒక్కసారీ కొట్టలేదు. ఆ మాటను అక్కడితో మూసేయాలని, ఆమె అన్నది చెవిన పడకుండానే, పియానో మూత మీద చెయ్యి వేసి కిందికి తోశాడు. అదే క్షణంలో సకీనా బిళ్ల కోసం చెయ్యి చాచింది.

రెట్టింపు మందం టేకు మూత ఆమె కుడి బొటనవేలి మీద పడింది.

*

దవాఖానాలో కంపౌండర్ కట్టు కట్టాడు. ఎముక విరగలేదన్నాడు. గోరు మాత్రం ఊడిపోతుంది, నెలన్నర దాకా ఆ చేత్తో ఏ పనీ చేయొద్దన్నాడు. ఆ కొలువు కోసం మరో అమ్మాయి కూడా వస్తోందని, ఎవరికోసమూ రోజు మార్చరని ముందే చెప్పి ఉన్నారు. తర్వాత ఆమెకే దక్కిందని తెలిసింది.

ఇంటికి వచ్చాక సకీనా గోడవైపు తిరిగి పడుకుంది. అక్తరీ బేగం వాకిట్లోకి వచ్చింది. భర్త ముందు నిలబడింది.

"పిల్ల ఏడ్వలేదు. అది సూసిన్రా? మూత పడ్డప్పుడు గూడ ఏడ్వలేదు. నేను మిమ్ముల తిడుతుంటే నన్నే ఆపింది. అబ్బాను ఏమనకు అమ్మీ, నేనే చెయ్యి వెట్టిన అన్నది."

మొహియుద్దీన్ బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. "రేపు పియానోను బయటికి పంపిస్త" అన్నాడు. "ఓదెలు బండి ఎట్లయినా వస్తది. ఒప్పుకున్న మాటే గదా."

"దాన్నెందుకు పంపుతరు? అదేం జేసింది?"

అంతే అంది. లోపలికి పోయింది.

పొద్దు గుంకుతోంది. ఊరికే కూర్చోవడం చేతకాక మొహియుద్దీన్ ఇస్నాపూర్ పలకను బల్ల మీద బిగించి, చిత్రిక పట్టే రందా తీశాడు. ముందు నిదానంగా తోశాడు. పల్చటి చెక్కపొర మెలికలు తిరుగుతూ లేచింది. మణికట్టు ఒక్కటే పని చేసింది. అతను ఆగి తన చేతి వంక చూసుకున్నాడు. మళ్లీ తోశాడు, ఈసారి వడిగా. రెండు, మూడు, నాలుగు. మణికట్టు బిగుసుకుని ఊరుకుంది. మోచెయ్యి, భుజం, వీపు, అన్నీ కలిసి పోయాయి. నలభై ఏళ్లుగా అలాగే పోతున్నాయి. ఎవరూ అతనికి చెప్పలేదు, అతనూ ఎవరికీ చెప్పలేదు. చెయ్యికి తెలుసు.

అతను కావాలనే మణికట్టుతో వడిగా తోయబోయాడు. రెండో తోపుకే రందా ఎగిరి, పలక మీద లోతైన గాటు పెట్టింది. ధన్‌మంది.

ఏడాది. రోజుకు వంద సార్లు ఆ బిడ్డ చేత తాను చేయించింది ఇదే. ఆ వాచిన వేలు, ఎడమ చేత్తో పిసికిన పిండి, మాట మొదలుపెట్టి ఆపేసిన ఆ నోరు. తాను నేర్పింది తప్పు. అయినా ఆ బిడ్డ తన కంట పడకుండా సరైనది దొంగతనంగా నేర్చుకుంది. తండ్రి నొచ్చుకుంటాడని, తండ్రి ఉన్నంతసేపు తప్పే వాయించింది. చివరికి ఆ తప్పుకే లొంగి, బిళ్ల కోసమే చెయ్యి చాచింది.

మొహియుద్దీన్ రందాను బల్ల మీద పెట్టాడు. తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. వీధిలో పోయేవాళ్లు, ముసలాయన చెమట తుడుచుకుంటున్నాడు అనుకున్నారు.

*

మర్నాడు తెల్లవారగానే ఓదెలు బండి కట్టుకుని వచ్చాడు. వాకిట్లో మొహియుద్దీన్ లేడు. లోపల పియానో దగ్గర పేచ్‌కస్‌తో మూత మరలు విప్పుతున్నాడు.

"భాయ్, బస్సుకు టైమైతుంది. పిల్ల తయారైందా?" అంటూ తొంగిచూసి, సకీనా చేతి కట్టు చూశాడు. "అయ్యో! ఏందిది? ఎట్లయింది?"

సకీనా ఏదో చెప్పబోయింది. మొహియుద్దీన్ ఆమె కంటే ముందు మాట్లాడాడు.

"నా చేతుల్నే అయింది, ఓదెలూ. నేనే జేసిన."

ఆ మనిషి తన తప్పు గురించి నోరు విప్పడం ఓదెలు ఎన్నడూ వినలేదు. ఎడ్లను అదిలించుకుంటూ వెళ్లిపోయాడు. ఆ రోజు ఎడ్ల మీద పరాచికం ఆడలేదు.

చివరి మర ఊడింది. మొహియుద్దీన్ మూతను రెండు చేతులా ఎత్తి బయటికి మోసుకుపోయి, వాకిట్లో గోడకు బోర్లా ఆనించాడు. వెనక్కి వచ్చి చెక్కసుత్తి అందుకున్నాడు. మూత లేని పియానో బట్టతలలా వెలవెలబోతోంది.

"కూసో" అన్నాడు కూతురితో.

"అబ్బా, చెయ్యి..."

"ఎడమ చేత్తోని. పైనుంచి కిందికి."

ఎడమ చేత్తో కిందికి దిగేటప్పుడు బొటనవేలు అదే దారిన పోవాలి. అది ఆయనకు తెలుసు. సకీనా వచ్చి కూర్చుంది. అలవాటుగా బిళ్ల కోసం చూసింది. అది మెట్ల చివర లేదు.

మొహియుద్దీన్ ఎప్పటిలా వాకిట్లోకి పోలేదు. తలుపు దగ్గరా నిలబడలేదు. పియానో పక్కన, కూతురి ఎడమవైపు, గోడ పట్టుకుని మెల్లగా నేల మీదికి దిగాడు. మోకాళ్లు కలుక్కుమన్నాయి. నడుం వంచి, గడ్డం మెట్ల అంచుకు ఆనేదాకా తల దించాడు. ఇప్పుడు ఆయన కళ్లు సరిగ్గా మెట్ల ఎత్తున ఉన్నాయి. ఆరేళ్ల పిల్ల కళ్లున్న ఎత్తున.

అక్తరీ బేగం వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

సుత్తితో నేల మీద కొట్టాడు. టక్. టక్. సకీనా నిదానంగా దిగింది. మూడో వేలు మెట్టు మీద ఉండగానే బొటనవేలు అరచేతి నీడలోకి జారి, ముందే పోయి కాచుకుంది. ఆయన ఏడాదిగా చెప్పిందే. అందులో తప్పేమీ లేదు.

సుత్తి వడి పెంచాడు. ఇంకా పెంచాడు. అప్పుడు కనిపించింది. అరచేతి కింద ఏమీ దూరలేదు. అక్కడ ఖాళీ వెలుతురు ఉంది. చెయ్యి మొత్తం పక్కకు జరిగింది. బొటనవేలు దాని వెంట వచ్చి, రందా పిడి మీద తన బొటనవేలు ఆనినంత తేలిగ్గా మెట్టు మీద వాలింది. ఎత్తు లేదు. అతుకు లేదు.

సకీనా చివరి స్వరం దగ్గర ఆగి, తండ్రి వంక చూసింది. తెల్ల గడ్డంలోంచి ఒక చుక్క జారి మెట్టు మీద పడింది. ఆయన దాన్ని బొటనవేలితో తుడిచాడు. ఏదో అనాలని చూశాడు. అలవాటు లేని మాట కదా, రాలేదు. చివరికి వచ్చింది ఏడాదిగా అంటున్న ఆ ఒక్క మాటే.

"మళ్లీ" అన్నాడు. తర్వాత, "మళ్లీ వాయించు బేటీ. ఇందాక కండ్లకు నీళ్లు అడ్డమొచ్చినయ్. సరీగ కనవడలే" అన్నాడు.

సకీనా కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేతిని మళ్లీ పైమెట్టు మీదికి తీసుకుపోయింది.